38 డిగ్రీల పెర్త్, 33 డిగ్రీల విశాఖ: ఆటకు ఏది ప్రమాదం?

ఆస్ట్రేలియా పడమటి తీరాన పెర్త్ నగరం, దానికి ఆగ్నేయంగా ఆర్మడేల్ పురపాలక పరిధిలో మా పియారా వాటర్స్. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ వేసవి, క్రికెట్ కాలమూ అదే. ఆ రోజుల్లో మనవాళ్ళ నోట తరచు వినే మాట: "బెజవాడ ఎండలు చూసినవాళ్ళం, ఇదొక లెక్కా?" ఇది నిజంగా లెక్కే. ఈసారి ఆ లెక్కే వేసి చూద్దాం.

మన ఒంటిని చల్లబరిచేది చెమట కారడం కాదు, అది ఆవిరి కావడం. గాలిలో ఇప్పటికే తేమ ఎక్కువుంటే చెమట ఆరదు. దాన్నే మనం ఉక్కపోత అంటాం. గాలి వీస్తే త్వరగా ఆరుతుంది. అందుకే ఆస్ట్రేలియా వాతావరణ శాఖ ఉష్ణోగ్రతతో పాటు "ఒంటికి ఎంత అనిపిస్తుంది" అన్న అంకె కూడా ఇస్తుంది. స్టెడ్‌మన్ అనే శాస్త్రవేత్త పరిశోధన మీద ఆధారపడిన ఆ సూత్రం ఇదీ:

అనిపించే వేడి = ఉష్ణోగ్రత + 0.33 × ఆవిరి పీడనం − 0.70 × గాలి వేగం − 4

ఆవిరి పీడనం హెక్టోపాస్కల్స్‌లో, గాలి వేగం సెకనుకు మీటర్లలో తీసుకోవాలి.

పెర్త్‌లో 38 డిగ్రీలు, తేమ 15 శాతం అనుకుందాం. అప్పుడు ఆవిరి పీడనం సుమారు 10. గాలి వేగం 5 అయితే, 38 + 3.3 − 3.5 − 4 = 33.8. ఇప్పుడు విశాఖపట్నం. 33 డిగ్రీలు, తేమ 75 శాతం, ఆవిరి పీడనం సుమారు 37.5, గాలి వేగం 3. లెక్క 33 + 12.4 − 2.1 − 4 = 39.3. థర్మామీటరులో అయిదు డిగ్రీలు తక్కువున్న ఊరే ఒంటికి ఎక్కువ వేడి!

విశాఖ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి 2024 నవంబరులో తన మొదటి టెస్టు పెర్త్‌లోనే ఆడి, 150కే ఆలౌటైన తొలి ఇన్నింగ్స్‌లో 41 పరుగులతో టాప్ స్కోరర్‌గా నిలిచాడు. అతను పెరిగిన ఉక్క వేరు, ఇక్కడి పొడి ఎండ వేరు.

అయితే పెర్త్ ఎండ తేలికని అనుకోవచ్చా? ఇక్కడే మూడు మెలికలున్నాయి.

ఒకటి, ఈ సూత్రం నీడలో నడుస్తున్న పెద్దవారి కోసం వేసినది. మైదానంలో పరిగెత్తే పిల్లవాడి కోసం కాదు.

రెండు, మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్నా వేడెక్కితే ఒంటికి వేడి తీసుకుపోవడం మాని, ఇంకా వేడి తెచ్చిపెడుతుంది. అప్పుడు చెమట ఒక్కటే దిక్కు. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, కారకముందే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కదా అని నీళ్ళు తాగకపోతే ఆ ఒక్క దిక్కూ పోతుంది.

మూడు, నేరుగా పడే ఎండ. దీని కోసం 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో వడదెబ్బలు తగ్గించడానికి మరో కొలత తయారైంది. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు, ఎండలో నల్లటి గోళంలో పెట్టిన థర్మామీటరు, నీడలోని మామూలు థర్మామీటరు, ఈ మూడింటికీ వరుసగా 70, 20, 10 శాతం విలువ ఇచ్చి కూడతారు. అవి 20, 55, 38 చూపిస్తే ఫలితం 14 + 11 + 3.8 = 28.8. తడి థర్మామీటరుకే పెద్దపీట ఎందుకో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఎండలో ఆటకు నమ్మదగినది ఈ కొలతే.

ఇక గాలి సంగతి. వేసవి ఉదయం ఇక్కడ ఎడారి వైపు నుంచి తూర్పుగాలి వీస్తుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి, దానిపై గాలి పైకి లేవగా, సముద్రం మీది చల్లగాలి నైరుతి నుంచి లోపలికి వస్తుంది. దీన్ని ఇక్కడివారు ముద్దుగా "ఫ్రీమాంటిల్ డాక్టర్" అంటారు. పేరు డాక్టరే కానీ తీరాన ముందు, లోపలికి తర్వాత వస్తాడు. మేముండేది తీరానికి దూరం కనుక మా వంతు ఆలస్యం. కొన్ని రోజులు అసలు రాడు. 2022 జనవరిలో పెర్త్‌లో వరసగా ఆరు రోజులు 40 దాటింది.

కాబట్టి పిల్లల్ని ఆటకు పంపేముందు నేను చూసేది గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. దగ్గరలోని జాండకాట్ విమానాశ్రయ కేంద్రంలో గాలి దిక్కు చూస్తాను. తూర్పు నుంచి నైరుతికి మారిందా, సాయంత్రం ప్రాక్టీసు పరవాలేదు. మారకపోతే వాయిదా మేలు. ఆడేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు, మధ్యలో నీడ ఉండాలి. పిల్లవాడు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా అది అలసట అనుకోకండి. వెంటనే ఆట ఆపి, నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూ, 000కి ఫోన్ చేయాలి.

మీ ఊరి అంకెలతో ఈ లెక్క ఒకసారి మీరూ వేసి చూడండి. పిల్లల చేత వేయిస్తే ఇంకా మంచిది, "ఈ రోజు ఆట ఎందుకు వద్దు?" అన్న ప్రశ్నకు జవాబు వాళ్ళకే దొరుకుతుంది.