త్రో-ఇన్‌లో రిఫరీ చూడవలసిన దేమి?

ఫుట్‌బాలు ఆటలో బంతి పక్కగీతను దాటిపోవుట మాటిమాటికి జరుగునదే. దానిని మరల లోనికి విసరుటను త్రో-ఇన్ అందురు. గోలు విషయమునను, పెనాల్టీ విషయమునను చూపు శ్రద్ధ దీనియెడ నెవరును చూపరు. మేమును చూపకపోవుటచే నొకనాడు ఒక బాలునికి అన్యాయము చేసితిమి.

ఆ సాయంకాలము రెండు తరగతుల జట్లు ఆడుచుండగా రిఫరీగా మేమే నిలిచితిమి. ఒక బాలుడు విసరిన బంతి గాలిలో బొంగరమువలె గిర్రున తిరిగెను. ఎదుటి పక్షమువారు "ఫౌలు, ఫౌలు" అని కేకలు వేసిరి. మేము ఈల యూది త్రో-ఇన్ వారికిచ్చితిమి. అందుండి మొదలైన ఆటలోనే వారు గోలు చేసి గెలిచిరి. "మాస్టరుగారూ, నేను చేసిన తప్పేమి?" అని ఆ బాలు డడుగగా, "బంతి తిరిగినది కదా!" అంటిమి. రాత్రి నిబంధనల పుస్తకము తీసి చూడగా బంతి తిరుగరాదను మాట అం దెక్కడను లేదు.

15వ నిబంధన కోరునది స్వల్పమే. విసరువాడు మైదానమువైపు ముఖము పెట్టి నిలువవలెను. బంతిని విడుచునపుడు రెండు పాదములలోను కొంతభాగమైనను గీతమీదనో, గీతకు వెలుపలి నేలమీదనో ఆనియుండవలెను. బంతి దాటిన చోటినుండియే దానిని రెండు చేతులతో, తల వెనుకనుండి తలమీదుగా విసరవలెను. ఎదుటివారు ఆ చోటికి 2 మీటర్లకు తక్కువ దూరమున నుండరాదు.

రెండు చేతుల నియమము 1882లో వచ్చినది. ఒక చేయి ఎక్కువగా నెట్టినచో బంతి తిరుగును. కావున రిఫరీకి అనుమానము కలుగుట సహజమే. అయినను ఆ తిరుగుడు చేతులను గమనింపుమని చెప్పు సూచనయే గాని నేరము కాదు.

పాఠశాలల ఆటలలో తరచుగా లైన్‌స్‌మన్ ఉండడు. ఒక్కడే పాదములను, చేతులను ఒక్కసారి చూచు టెట్లు? బంతిని తల వెనుకకు తీసికొనుచుండగా పాదములున్న చోటు చూచుకొని, విడుచునపుడు విసరువాని నంతటిని చూచునట్లు కొంత దూరమున నిలుచుట మేలని మా యనుభవము. మడమ లేచినను తప్పులేదు, వేళ్లు నేల నంటియున్న చాలును. వెనుక పాదము పూర్తిగా గాలిలోనికి లేచుటయే పిల్లలు ఎక్కువగా చేయు తప్పు.

తప్పుగా విసరినచో అవకాశము ఎదుటి పక్షమునకు పోవును. బంతి అసలు మైదానములోనికే రాకపోయినచో మాత్రము అదే పక్షమువారు అదే చోటినుండి మరల విసరవలెను. పలువురు రిఫరీలు ఈ భేదమును మరతురు. త్రో-ఇన్ నేరుగా ఎదుటి గోలులోనికి పోయినను అది గోలు కాదు, గోల్‌కిక్కు. దానిని నేరుగా అందుకొనినవానికి ఆఫ్‌సైడు లేదు. ఈ సడలింపు 1920లో కలిగినది.

చిన్న తరగతుల అభ్యాసపు ఆటలలో తప్పును చూపి మరల విసరనిచ్చుట మంచిదని మా యభిప్రాయము. పోటీలలో నట్లు చేయుటకు వీలులేదు.

మరునాడు ఆ బాలుని పిలిచి పుస్తకము చూపితిమి. వాడు నిదానముగా చదివి, "అయితే ఆ గోలు మాటేమి?" అనెను. ముగిసిన ఆటలోని తీర్పును రిఫరీ మార్చరాదని చెప్పితిమి. వాడు పుస్తకము మా చేతికిచ్చి ఆటకు పోయెను.