అట్లాంటిక్కును దాటిన చిన్న విమానము

2003వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీ సాయంకాలము. కెనడా దేశపు తూర్పు కొసన న్యూఫౌండ్లాండు దీవిలోని కేప్ స్పియర్ అనుచోట ఒక చిన్న విమానమును చేతితో విసరి గాలిలోని కెగురవైచిరి. దాని రెక్కల నిడివి ఆరడుగులు. అందు మనుష్యుడు లేడు. అది చేరవలసినది సముద్రమున కావలనున్న ఐర్లండు.

దానిని నిర్మించినవాడు మేనార్డ్ హిల్ అను అమెరికా దేశీయుడు. ఆయన లోహశాస్త్రజ్ఞుడు. అప్పటికి 77 ఏండ్ల వృద్ధుడు. చూపు చాలవరకు పోయినది, చెవులును సరిగా వినబడవు. తేలికయైన బాల్సా కఱ్ఱను వ్రేళ్లతో తడవి చూచుకొనుచు ఆయన పనిచేసెడివాడు.

అప్పటి అంతర్జాతీయ నియమము ప్రకారము ఇట్టి నమూనా విమానము ఇంధనముతో గూడ 5 కిలోగ్రాములు మించరాదు. ఇంజను పరిమాణము 10 ఘన సెంటీమీటర్లు దాటరాదు. పోవలసిన దూరమో, మూడువేల కిలోమీటర్లు! చిక్కంతయు ఇక్కడనే యున్నది. విమానపు బరువు పెరిగినకొలది ఇంధనమునకు చోటు తగ్గును. సాధారణముగా చిన్న ఇంజనులలో మిథనాలు అను ఆల్కహాలును, కందెనగా కొంత నూనెను కలిపి పోయుదురు. మన ఆముదము సయితము ఆ కందెనగా పనికివచ్చును. కాని ఒక కిలో మిథనాలు ఇచ్చు శక్తి, కిలో పెట్రోలు ఇచ్చు శక్తిలో సగమునకు మించదు. అందుచేత హిల్, లాంతర్లలో పోయు శుద్ధిచేసిన పెట్రోలువంటి ఇంధనమును ఎన్నుకొనెను. ఇంజనును మార్చి, అది బొట్లుబొట్లుగా మాత్రమే త్రాగునట్లు చేసెను. బయలుదేరునపుడు విమానపు బరువులో దాదాపు సగము ఇంధనమే.

నేలపై నిలిచి రేడియో పెట్టెతో విమానమును నడపుట, అది కంటికానినంతవరకే సాధ్యము. సముద్రముపై ఆ పని, ఉపగ్రహముల సంకేతములనుబట్టి దారి తెలిసికొను యంత్రమునకు అప్పగించిరి.

ఇది ఐదవ విమానము. 2002లో పంపిన మూడును గమ్యము చేరలేదు. 2003లో మొదట పంపిన నాలుగవదియు చేరలేదు. ఐదవదియు నడిసముద్రముపై కొన్ని గంటలసేపు ఎట్టి సంకేతమును పంపలేదు. ఇదియు పోయినదనియే తలచిరి. పిదప సంకేతములు మరల వచ్చినవి!

ఆగస్టు 11వ తేదీని ఐర్లండు పడమటి తీరమున క్లిఫ్డెన్ పట్టణము చెంత వేచియున్నవారికి అది కనబడెను. వారిలో నొకడు రేడియోతో దానిని వశపఱచుకొని దింపెను. ప్రయాణమునకు పట్టినది 38 గంటల 52 నిమిషములు. 1919లో ఆల్కాక్, బ్రౌన్ అనువారు మొట్టమొదట ఆగకుండ అట్లాంటిక్కును విమానముపై దాటి దిగినదియు ఆ పట్టణము చెంతనే. హిల్ ఆ దారిని కోరియే యెన్నుకొనెను.

తొట్టి విప్పి చూడగా అడుగున కొద్దిపాటి ఇంధనము మాత్రమే మిగిలియుండెను.