మీరెరుగని మీ సంతకము

నస్పూరులోని కలెక్టరు కార్యాలయమున సోమవారము జరుగు ప్రజావాణికి, శ్రీరాంపూరు గనుల కార్మికవాడల నుండియు చుట్టుపట్ల పల్లెల నుండియు అర్జీ చేతబట్టుకొని వచ్చువారికి వేలిముద్ర విలువ యొకరు చెప్పనక్కరలేదు. కాని ఆన్‌లైను అర్జీలో సిరా లేదు, సాక్షి లేడు. పేరు, ఓటరు కార్డు సంఖ్య, ఫోనుకు వచ్చు ఓటీపీ, ఇవియే అచ్చట సంతకమునకు ప్రతినిధులు. రోడ్డు కొరకనియో పింఛను కొరకనియో యెవరో యడిగినంతనే ఓటీపీ చెప్పినవారు తమ నోటిని పరులకు అప్పగించినవారగుదురు.

2019 శాసనసభ ఎన్నికలకు ముందు ఆంధ్రప్రదేశమున ఈ యపాయము ప్రత్యక్షమైనది. ఓట్ల తొలగింపు కోరు ఫారం-7 దరఖాస్తులు లక్షల సంఖ్యలో ఆన్‌లైనున వచ్చిపడగా, ఎవరి పేరున నవి దాఖలైనవో వారిలో అనేకులు ఆ సంగతియే తామెరుగమనిరి. నాటి ప్రతిపక్ష నాయకుడు జగన్మోహనరెడ్డి పులివెందుల ఓటును తొలగింపుడని ఆయన పేరుననే అర్జీ చేరినది! పోలీసులు కేసులు నమోదు చేసిరి. విచారణ లేక ఏ పేరును తొలగింపరాదను నియమమే నాడు ఓటరుకు అండయైనది. అర్జీలను లెక్కించుట సులభము, అర్జీదారుని కలిసికొని యడుగుట కష్టము, అయినను ఆ కష్టమునకు ఓర్చుటయే అధికారి ధర్మమని నా దృఢ విశ్వాసము. పరదేశములందును ఈ బెడద లేకపోలేదు: 2016లో బ్రిటిషు పార్లమెంటు వెబ్‌సైటులో, ఐరోపా సమాఖ్య విషయమై రెండవ ప్రజాభిప్రాయ సేకరణ కోరిన వినతి నుండి సుమారు 77 వేల దొంగ సంతకములను తొలగింపవలసి వచ్చినది. వేయి జనాభాయైన లేని వాటికన్ నగరము పేరుననే 39 వేలకు పైగా సంతకములు పడినవి.

ఇతరుల ఎలక్ట్రానికు సంతకమును, పాస్‌వర్డును, వారికే చెందిన గుర్తింపును మోసముతో వాడినవానికి ఐ.టి. చట్టము 66-సి సెక్షను క్రింద మూడేండ్ల వరకు కారాగారమును, లక్ష రూపాయల వరకు జరిమానాయు కలవు. ఓటర్ల జాబితా విషయమున అబద్ధపు ప్రకటన చేసినచో 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము 31వ సెక్షను ననుసరించి ఏడాది వరకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

శిక్షలున్నను ముందుజాగ్రత్తయే మేలు. ఆధారు జిరాక్సు ఇచ్చునప్పుడు దానిపై అడ్డముగా, ఏ పనికి ఇచ్చితిరో, ఏ తేదీన ఇచ్చితిరో వ్రాయుడు. మీసేవలో అర్జీ పెట్టినచో రసీదు తీసికొనుడు. ఓటీపీ చెప్పుటకు ముందు తెరపైనున్న పాఠమును చదివించుకొనుడు.

మీ పేర దొంగ అర్జీ పడినట్లు తెలిసినచో, ఫోనుకు వచ్చిన సందేశములను చెరిపివేయక, సంబంధిత కార్యాలయమునకు “ఈ యర్జీ నాది కాదు, విచారింపక చర్య తీసికొనవలదు” అని వ్రాసి యిచ్చి, నకలుపై ముద్ర వేయించుకొనుడు. పిమ్మట జాతీయ సైబరు నేరముల పోర్టలులో గాని దగ్గరి ఠాణాలో గాని ఫిర్యాదు చేయుడు. నేరము తమ పరిధిలోనిది కాదను మాటతో ఠాణావారు మిమ్ము త్రిప్పి పంపరాదు, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ననుసరించి జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలసినదే. దాని నకలు మీకు ఉచితముగా నీయవలెను.