కెర్రీ తీరం నేర్పినవి

ఐర్లండ్‌లో పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులు చాలామంది చూసి వెళ్లేది ఒకటే. డబ్లిన్ నుంచి బస్సులో మోహర్ కొండచరియలు, కాసేపు ఫొటోలు, రాత్రికి ఇల్లు. మోహర్ గొప్పదే, కాదనను. కానీ నైరుతి మూలన కెర్రీలో సముద్రం, రాయి, మనిషి ముగ్గురూ ఒకరితో ఒకరు పోరాడిన జాడ కనిపిస్తుంది. అక్కడ తిరిగి తెలుసుకున్నవి, వెళ్లేవారికి పనికొస్తాయని చెబుతున్నాను.

1. ఒక మూలనే పట్టుకోండి.
డొనెగాల్ నుంచి కార్క్ దాకా పడమటి తీరం వెంట సాగే యాత్రామార్గం దాదాపు 2,500 కిలోమీటర్లు. వారంలో అంతా చుట్టేయాలనుకుంటే కారు అద్దం తప్ప ఇంకేమీ చూడరు. ఇవెరా, డింగిల్ అనే రెండు ద్వీపకల్పాలు చాలు.

2. స్కెలిగ్‌కు వెళ్లాలంటే సముద్రం ఒప్పుకోవాలి.
ఇవెరాలోని పోర్ట్‌మగీ రేవు నుంచి పడవలో వెళితే నడిసముద్రంలో 218 మీటర్ల ఎత్తున నిటారుగా లేచిన రాతి దీవి స్కెలిగ్ మైకేల్. వెయ్యేళ్లకు ముందే క్రైస్తవ సన్యాసులు కొందరు ఆ శిఖరం దగ్గర కాపురం పెట్టారు. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోపురం లాంటి గుడిసెలు కట్టారు. వాననీటిని తొట్లలో పట్టుకుని తాగారు. ఆ గుడిసెలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1996లో యునెస్కో ఆ దీవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పైకి 618 మెట్లు. చాలాచోట్ల పట్టుకోవడానికి ఏమీ ఉండదు, మరుగుదొడ్డి లేదు. జారిపడి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి, కాబట్టి తల తిరిగేవారిని ఎక్కించకండి. దీవి మీద దిగనిచ్చేది వేసవి నెలల్లోనే, అదీ రోజుకు కొద్దిమందినే. టికెట్లు నెలల ముందే అయిపోతాయి. టికెట్ చేతిలో ఉన్నా, అలలు పెద్దవైతే పొద్దున్నే ప్రయాణం రద్దంటారు. అందుకని పోర్ట్‌మగీలో ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోండి. పడవవాళ్లతో వాదించకండి, ఆ నీళ్లు వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియవు.

3. వాలెన్షియాను వదలకండి.
పోర్ట్‌మగీ వంతెన దాటితే వచ్చే ఈ దీవి నుంచే 1858లో అట్లాంటిక్ అడుగున న్యూఫౌండ్‌లాండ్‌కు టెలిగ్రాఫ్ తీగ వేశారు. మూడు వారాలకే అది మూగబోయింది. ఆ కొద్దికాలంలోనే మన దేశానికి సంబంధించిన కబురు ఒకటి దాని మీద వెళ్లింది. 1857 తిరుగుబాటు వల్ల కెనడా నుంచి రమ్మన్న రెండు బ్రిటిష్ రెజిమెంట్లను, ఇక రానక్కర్లేదని ఆపేశారు. నిలకడగా పనిచేసిన తీగ 1866లో వచ్చింది. ఇదే దీవి ఒడ్డున, నాలుగు కాళ్ల ప్రాణి ఒకటి 35 కోట్ల ఏళ్లకు పైగా పూర్వం నడిచిన అడుగుజాడలు రాతిలో ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడే వేళ బాగా కనిపిస్తాయి.

4. డింగిల్‌లోని స్లే హెడ్ దారిలో గడియారం తిరిగే వైపే కారు నడపండి.
పెద్ద బస్సులన్నీ అటే వెళతాయి. ఎదురెళితే ఆ ఇరుకు రోడ్డులో మీకూ వాళ్లకూ కష్టమే. అదే చుట్టులో గల్లారస్ ప్రార్థనాలయం దగ్గర ఆగండి. బోర్లించిన పడవలా ఉండే ఆ చిన్న రాతికట్టడం లోపలికి వెళ్లి పైకి చూడండి. ఒక్కో వరస కాస్త లోపలికి జరుపుతూ, నీళ్లు బయటికి జారేలా రాళ్లను వాల్చి పేర్చారు. శతాబ్దాల వానలను తట్టుకుని నిలబడింది.

5. బ్లాస్కెట్ కథ తెలుసుకుని ఆ దీవిని చూడండి.
డన్‌క్విన్ ఒడ్డు నుంచి ఎదురుగా కనిపించేదే గ్రేట్ బ్లాస్కెట్. చేపలు పట్టి, గొర్రెలు మేపి, ఐరిష్ మాట్లాడుతూ బతికిన ఊరది. అక్కడి మత్స్యకారుడు టోమాస్ ఓ క్రోహన్ రాసిన ఆత్మకథ 1929లో అచ్చయింది. పెగ్ సేయర్స్ అనే ఆమె తన జీవితకథ చెబుతుంటే కొడుకు రాసుకున్నాడు. ఇంత చిన్న ఊరి నుంచి అంత సాహిత్యం రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే. కానీ పడుచువాళ్లు అమెరికా వెళ్లిపోయారు. పడవ నడిపే చేతులు తగ్గాయి. తుఫాను పట్టినప్పుడు డాక్టరు రాలేక ఒక యువకుడు చనిపోయాడు. 1947లో తిండి పంపమని ప్రధాని డి వలేరాకు టెలిగ్రాం ఇచ్చారు. 1953లో ప్రభుత్వమే మిగిలినవాళ్లను ఒడ్డుకు చేర్చింది. డన్‌క్విన్‌లో వాళ్ల జ్ఞాపకంగా కట్టిన కేంద్రంలో ముందు రెండు గంటలు గడపండి. ఆ తర్వాత పడవెక్కితే పాడుబడిన ఇళ్లలో ఎవరు ఎలా బతికారో తెలిసి నడుస్తారు. పిల్లలందరూ వలసపోయిన ఊళ్లు ఎరిగిన మనకు ఇది వేరేవాళ్ల కథ అనిపించదు.

6. మోకాళ్లు సహకరించకపోతే నిరాశ పడకండి.
వాలెన్షియాలో జియోకాన్ కొండ పైదాకా కారు వెళుతుంది. కొద్ది అడుగులు వేస్తే చాలు, ఒకవైపు చరియలు, మరోవైపు స్కెలిగ్ శిఖరాలు కనిపిస్తాయి. గొడుగు తీసుకెళ్లకండి, గాలికి నిలవదు. తలకప్పు ఉన్న రెయిన్‌కోటు, రబ్బరు పట్టున్న బూట్లు, ఫ్లాస్కులో టీ, డబ్బాలో పులిహోర ఉంటే సాయంత్రం దాకా కదలనక్కర్లేదు.