మామగారి బుల్లెట్టు



ఈ పాఠం ఒక పాత మోటారు సైకిలు గురించి. దాన్ని కాపాడిన ఒక అక్క గురించి. ఆ అక్క మన కేంద్రంలోనే అక్షరాలు నేర్చుకుంది. ఇల్లు గాజువాకలో.

వాళ్ల మామగారు విశాఖ పోర్టులో పనిచేసేవారు. 1970లో ఒక బుల్లెట్టు బండి కొన్నారు. బుల్లెట్టు పని మన దేశంలో 1955లో మద్రాసులో మొదలయింది. మామగారు దాన్ని రోజూ తుడిచేవారు. ఆయన పోయాక తుడిచేవాళ్లు లేరు. బండి పెరట్లో రేకుల షెడ్డులో ఉండిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. షెడ్డు రేకులు ఎగిరిపోయాయి. అప్పటినుంచి ఎండ, వాన బండి మీదే.

ఒకరోజు పాత ఇనుము కొనే మనిషి వచ్చాడు. కాటా వేసి కిలోల లెక్కన డబ్బిస్తానన్నాడు. ఇంటాయన సరే అన్నాడు. అక్క ఒప్పుకోలేదు.

"ఇది ఉత్త ఇనుమేటి? పిల్లాడికి జ్వరమొచ్చిన రాత్రి మామయ్య దీని మీదే కేజీహెచ్‌కి తీసికెళ్లాడు. నేనివ్వను" అంది.

మర్నాడు బండి కాగితాల సంచి పట్టుకుని తరగతికి వచ్చింది.

"ఇందులో ఏముందో చెప్పండి టీచరమ్మా!"

ఆర్.సి. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అక్షరాలు నేను చదివాను. అంకెలు అక్కే చదివింది. 1970 అని వేలు పెట్టి చూపింది. ఇంటికెళ్లి ఇంజను మీద, చట్రం మీద మట్టి గీకింది. అక్కడి నంబర్లు, పుస్తకంలో నంబర్లు ఒక్కొక్కటీ పోల్చింది. రెండూ ఒకటే.

"అయితే ఇది మా బండే" అంది.

2021లో ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండిని 'వింటేజి' బండిగా నమోదు చేయించుకోవచ్చు. అలా నమోదయిన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. కాబట్టి బండి వయసు తెలియకుండా కాటాకు వేయకూడదు.

తుప్పు ఎందుకు పడుతుంది?

ఇనుముకు నీరు, గాలి తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పు ఉంటే ఇంకా తొందరగా పడుతుంది. మన విశాఖలో సముద్రపు గాలిలోనే ఉప్పు ఉంది. మన కిటికీ ఊచలు చూడండి, తెలుస్తుంది.

ఆర్.కె. బీచిలో కుర్సురా జలాంతర్గామిని చూశారా? అది 1969లో నౌకాదళంలో చేరింది. 2001లో పని మానింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. సముద్రం ఒడ్డున అంత ఇనుము నిలవాలంటే చూసుకునేవాళ్లు ఉండాలి. ఇంట్లో బండికైనా అంతే.

బండి మళ్లీ ఎలా కదిలింది?

మెకానిక్ వచ్చి చూశాడు. ఇంజను బిగుసుకుపోయింది. "కిక్కు బలవంతంగా కొట్టకండమ్మా, లోపల విరుగుతుంది" అన్నాడు. ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో కొంచెం నూనె పోశాడు. కొన్ని రోజులు వదిలేశాడు. తరవాత మెల్లగా తిప్పితే కదిలింది.

అప్పుడు ఒక్కొక్క భాగం విప్పాడు. అక్క పాత డబ్బాలు తెచ్చింది. ప్రతి డబ్బా మీద చీటీ అంటించింది. 'ముందు చక్రం నట్లు', 'వెనక బ్రేకు', 'గొలుసు' అని రాసింది. ఏది దేని తరవాత విప్పాడో నోటు పుస్తకంలో వరసగా రాసింది. మెకానిక్ నవ్వాడు.

"నాకన్నీ గుర్తుంటాయమ్మా" అన్నాడు.

రంగు వేయించడానికి, సామాన్లు దొరకడానికి 4 నెలలు పట్టింది. బిగించేటప్పుడు ఒక చిన్న స్ప్రింగు మిగిలింది. అది ఎక్కడిదో మెకానిక్‌కి గుర్తు రాలేదు. అక్క పుస్తకం తెరిచింది. కూడబలుక్కుని చదివింది.

"వెనక బ్రేకు. రెండో స్ప్రింగు."

మెకానిక్ నవ్వలేదు. వెనక చక్రం మళ్లీ విప్పాడు. బ్రేకు స్ప్రింగు లేకుండా బండి రోడ్డెక్కితే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

బండిని ఇంట్లో ఎలా దాచాలి?

1. మంచినీళ్లతో కడగాలి. ఉప్పునీళ్లు వాడకూడదు. తడి లేకుండా తుడవాలి.
2. గొలుసుకు, రంగు లేని ఇనుప భాగాలకు పలుచగా నూనె రాయాలి. బ్రేకులకు, టైర్లకు నూనె తగలకూడదు.
3. చాలా నెలలు ఆపేటట్టయితే పెట్రోలు మెకానిక్‌తో తీయించాలి. దగ్గరలో పొయ్యి, దీపం, బీడీ ఉండకూడదు. పెట్రోలు వంటింట్లో పెట్టకూడదు.
4. బ్యాటరీ విప్పి పిల్లలకు అందకుండా పెట్టాలి. అందులో ఆమ్లం ఉంటుంది. నెలకోసారి ఛార్జి చేయించాలి.
5. నడిమి స్టాండు వేసి, కింద చెక్క పలక పెట్టాలి.
6. నూలు దుప్పటి కప్పాలి. ప్లాస్టిక్ పట్టా చుడితే లోపల చెమ్మ నిలిచి తుప్పు పడుతుంది.
7. సైలెన్సరు మూతి గుడ్డతో మూయాలి. లేకపోతే ఎలుకలు, పురుగులు చేరతాయి. బండి తీసే ముందు ఆ గుడ్డ తీయడం మరవకూడదు.

కాగితాల సంగతి

బండి సొంతదారు చనిపోతే 30 రోజులలో రవాణా కార్యాలయానికి తెలపాలి. 3 నెలలలో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి అక్క ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు దరఖాస్తు పెట్టారు. కాగితాలు అయ్యేదాకా బండి రోడ్డెక్కదు.

ఒక సాయంత్రం పెరట్లోనే బండి స్టార్టు చేశారు. డుగ్ డుగ్ మంది. అత్తగారు లోపలినుంచి గబగబా వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇంటాయన ఏమీ మాట్లాడలేదు. లోపలికెళ్లి మంచి నూలు దుప్పటి తెచ్చి అక్క చేతికిచ్చాడు.

చెప్పండి, రాయండి

1. ప్లాస్టిక్ పట్టా ఎందుకు చుట్టకూడదు?
2. మిగిలిన స్ప్రింగు ఎక్కడిదో ఎలా తెలిసింది?
3. మీ ఇంట్లో పప్పుల డబ్బాలకు పేర్లు రాసి అంటించండి.
4. మీ ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు పేరు రాయండి. అది ఎవరిదో, ఏ సంవత్సరం కొన్నారో పెద్దవాళ్లను అడిగి రాయండి.