గడ్డకట్టు నేలలో పెరటి కాలువ
(ఇంటిపని పాఠము)

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 21:33, 34, లూకా 6:47–49.



మన పెరటిలో వాననీరు నిలిచినయెడల పలుగు, పార తీసికొని జానెడు లోతు కాలువ త్రవ్వి నీటిని మళ్లించుదుము. అది ఒక పూట పని. చలిదేశములలోనైతే ఈ చిన్నపనికే ఎంతో ముందుచూపు కావలెను. 1842లో గుంటూరునకు వచ్చిన ఫాదర్ హయ్యరుగారు 1857లో తిరిగి వెళ్లి, అమెరికాలోని మిన్నెసోటాలో సేవచేసి, 1869లో వృద్ధాప్యమందు మరల మన తెలుగుదేశమునకు వచ్చిరి. ఆ మిన్నెసోటాలో నేడు తెలుగు కుటుంబములును కాపురమున్నవి. అచ్చటి పెరటి కాలువను త్రవ్వు విధమును నేర్చుకొందము.

1. నేల ఏల ఉబ్బును?

నీరు గడ్డకట్టినప్పుడు కుదించుకొనదు, పెరుగును. నూరు పాళ్ల నీరు సుమారు నూట తొమ్మిది పాళ్ల మంచుగడ్డ యగును. అంతేకాదు, ఒండ్రుమట్టి దీపపు వత్తి నూనెను పీల్చునట్లు క్రిందినుండి నీటిని పైకి పీల్చును. ఆ నీరు పొరలు పొరలుగా గడ్డకట్టి గోడలను, మెట్లను, రాళ్లను పైకెత్తివేయును. అందుచేత మిన్నెసోటా కట్టడపు నిబంధనల ప్రకారము ఇంటి పునాది దక్షిణ భాగములో 42 అంగుళములు, ఉత్తర భాగములో 60 అంగుళములు లోతునకైనను దిగవలెను.

అసలు కష్టము వసంతములో వచ్చును. పైమంచు కరుగును, అడుగు నేల ఇంకను రాయివలె గట్టిగానుండును. నీరు ఇంకుటకు దారిలేక ఇంటివైపునకు పారి నేలమాళిగలో చేరును. కాలువ పని ఇందుకొరకే.

2. ఈ పని నేర్పినవారు

స్కాట్లాండులో పుట్టిన జాన్ జాన్‌స్టన్ అను రైతు న్యూయార్కు రాష్ట్రములోని జెనీవావద్ద 1838లో తన చేనిక్రింద కాల్చిన మట్టి తూములు పరపించెను. కుండపెంకులు పాతిపెట్టుచున్నాడని ఇరుగుపొరుగువారు నవ్విరని చెప్పుదురు. పైరు నవ్వినవారికి జవాబిచ్చెను. 1859లో హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచి అను న్యాయవాది పొలముల నీటిపారుదలను తీయు విధమునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. కంకర నింపిన కాలువను నేటికిని అమెరికాలో ఆయన పేరిటనే ‘ఫ్రెంచి డ్రెయిను’ అందురు. వాషింగ్టనులో కూర్చున్న లింకనుగారి విగ్రహమును చెక్కిన శిల్పి ఈయన కుమారుడే.

3. త్రవ్వు విధము

(అ) నేల గడ్డకట్టకమునుపే, శరత్కాలములో పని ముగించవలెను. గడ్డకట్టిన మట్టిపెళ్లలతో కాలువను పూడ్చినయెడల అవి కరగిన పిమ్మట నేల క్రుంగిపోవును.

(ఆ) పురికొస లాగి, రసమట్టముతో వాటము చూడవలెను. ఎనిమిది అడుగులకు ఒక అంగుళమైనను పల్లము ఉండవలెను. మధ్యలో గుంటపడినచోట నీరు నిలుచును. నిలిచిన నీరే గడ్డకట్టి గొట్టమును మూయును. పూర్తిగా కారిపోయిన గొట్టములో గడ్డకట్టుటకు నీరేమియు ఉండదు.

(ఇ) పల్లపు కొననుండి మెరకవైపునకు త్రవ్వవలెను. అప్పుడు ఊరిన నీరు వెనుకకు పారిపోవును. పనివాడు బురదలో నిలువనక్కరలేదు.

(ఈ) మట్టిని ఆపు గుడ్డను అడుగున పరచి, కడిగిన కంకర పోసి, రంధ్రముల గొట్టమును రంధ్రములు క్రిందికుండునట్లు పెట్టి, మరల కంకరపోసి, గుడ్డను పైకి మడవవలెను. గుడ్డ లేనియెడల ఒండ్రు చేరి కంకర సందులు పూడిపోవును.

(ఉ) నీరు బయటపడు కొనను మంచు మూయకుండ చూచుకొనవలెను. ఎలుకలు దూరకుండ జాలీ బిగించవలెను.

4. ప్రాణభద్రత

ఈ పాఠములో మిక్కిలి ముఖ్యమైన మాట ఇదియే. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తుగల మట్టి ఒక టన్నుకు మించిన బరువుండును. అది రొమ్ముమీద పడినవాడు కేకవేయుటకును ఊపిరి చాలదు. అయిదడుగులు, అంతకుమించిన లోతుగల కందకములో పనివారిని దింపునప్పుడు, గట్టి రాతినేల అయిననే తప్ప, ప్రక్కలకు ఆధారము కట్టవలెననియో వాటిని ఏటవాలుగా కోయవలెననియో అమెరికా చట్టము చెప్పుచున్నది. త్రవ్విన మట్టిని అంచునకు రెండడుగుల దూరములో వేయవలెను. గడ్డకట్టిన గోడ గట్టిదని నమ్మరాదు; ఎండ తగిలిన గడియలోనే అది జారవచ్చును. ఒంటరిగా ఎవరును దిగరాదు.

గ్యాసు గొట్టములు, కరెంటు తీగలు నేలలో ఉండును గనుక అచ్చట త్రవ్వకమునుపు 811 అను నంబరునకు ఫోను చేయుదురు. 2007 నుండి దేశమంతట ఇదే నంబరు. వారు వచ్చి గుర్తులు వేయుదురు; అందుకు గృహస్థుడు రుసుము చెల్లించనక్కరలేదు.

సాయంకాలము పని ఆపినప్పుడు గోతిని మూయవలెను, లేక చుట్టును కంచె కట్టవలెను. తెరచియుంచిన గోతిలో పొరుగువాని ఎద్దు పడి చచ్చినయెడల గోతి యజమానుడే నష్టము అచ్చుకొనవలెనని మోషే ధర్మశాస్త్రము విధించెను. ఎద్దు విషయమే అట్లుండగా పసిబిడ్డ విషయమేమందుము? మన ఊళ్లలో బావికొరకు, దొడ్డికొరకు త్రవ్వి విడిచిన గోతులకును ఈ మాట వర్తించును.

5. పొరుగువాని హద్దు

మన పెరటి నీటిని పొరుగువాని గోడక్రిందికి త్రోయుట కాలువ త్రవ్వుట కాదు. మన కష్టమును అతని నెత్తిన పెట్టుటయే. నీరు న్యాయముగా పోదగిన చోటు ఏదో ముందు చూచుకొని, అవసరమైనచో పొరుగువానితో మాటాడి, పిమ్మట పార పట్టవలెను.

మంచి కాలువ పూడ్చిన పిమ్మట కంటికి కనబడదు. దానిపై గడ్డి మొలచును; త్రవ్వినవానిని ఎవరును మెచ్చుకొనరు. అయినను మంచు కరగు దినమున ఆ ఇంటి నేలమాళిగ పొడిగా నుండును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నిలిచిన నీటికంటె పారు నీరు గొట్టమునకు మేలేల?
2. మన గ్రామములో మూయక విడిచిన గోతులు ఎన్ని? వాటిని ఈ వారము ఎవరు మూయుదురు?
3. మన ఇంటి మురుగు ఎవరి వాకిట నిలుచుచున్నది?