బోయజు ఆజ్ఞ ఎవరికి?

వాక్యభాగం: రూతు 2:8-9, 22



రూతు గ్రంథం అనగానే మనకు అత్తాకోడళ్ల ప్రేమ గుర్తొస్తుంది. 2వ అధ్యాయంలో ఒక భయం కూడా ఉంది. రూతు పరదేశి, విధవరాలు, ఒంటరిగా పరిగె ఏరుకోవడానికి వెళ్లింది. ఆమెను ముట్టవద్దని బోయజు తన పనివారికి ఆజ్ఞాపించాడు. వేరే చేనిలో ఏమవుతుందోనని నయోమి కూడా హెచ్చరించింది. 22వ వచనం మన తెలుగు బైబిలులో మెత్తగా వినిపిస్తుంది గాని, అక్కడి హెబ్రీ క్రియకు ఎదురుపడటమే కాదు, మీద పడటం అనే అర్థం కూడా ఉంది.

ఇక్కడ లండన్‌లో మన కూటానికి వచ్చే ఒక విద్యార్థిని (ఆమె అనుమతితోనే రాస్తున్నాను) పని ముగించుకొని వస్తుంటే, రద్దీ రైల్లో ఒకడు కావాలనే వెనక నుంచి ఒత్తుకుంటూ నిలబడ్డాడు. ప్రార్థన తర్వాత ఆమె ఆ సంగతి చెబితే నేనన్న మొదటి మాట: "అంత రాత్రివేళ ఎందుకమ్మా, కాస్త ముందే బయలుదేరొచ్చుగా?" షిఫ్టు టైము ఆమె చేతిలో ఉంటుందా? తలూపి ఊరుకుంది. నెల రోజులు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బోయజు రూతును ఇంట్లో కూర్చోమనలేదు. ఆజ్ఞ మగవారికి పెట్టాడు. పైగా దాహమైతే వాళ్లు చేదిన నీళ్లే తాగమన్నాడు.

ఇంగ్లండ్‌లో అలా తాకడం, బట్టల మీదుగానైనా, 2003 లైంగిక నేరాల చట్టం కింద నేరం. రైల్లో, ట్యూబ్‌లో జరిగితే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ పోలీసులకు 61016 నంబరుకు మెసేజ్ పెట్టవచ్చు. ఫోన్ చేసి గట్టిగా మాట్లాడే పని లేదు. ప్రమాదం కళ్లెదుట ఉంటే 999. ఏ లైను, ఏ స్టేషన్ల మధ్య, ఎన్ని గంటలకు, ఎన్నో పెట్టె, అతను ఎలా ఉన్నాడు అన్నవి రాస్తే కెమెరా రికార్డులు వెతకడం తేలికవుతుంది. తర్వాత చెప్పినా తీసుకుంటారు. "చిన్న విషయమేలే" అనుకోవద్దు, అదే మనిషి మీద ఇంకొకరి ఫిర్యాదు అప్పటికే ఉండవచ్చు.

సహోదరులారా, పక్కన మీరుంటే గొడవకు దిగనక్కర్లేదు. ఆమె దగ్గరికి వెళ్లి తర్వాతి స్టేషను ఏదని అడగండి. ఇద్దరి మధ్య నిలబడండి. దిగాక సిబ్బందికి చెప్పండి.

ఆ చెల్లెలికి క్షమాపణ చెప్పాను. నా భార్య పక్కన కూర్చుంటే ఆమే వివరాలన్నీ రాసి పంపింది. శుక్రవారం కూటం అయ్యాక స్టేషను దాకా తోడు వెళ్లే ఏర్పాటు మొదలుపెడుతున్నాం. పేరు ఇవ్వదలచిన సహోదరులు ఆదివారం ఆరాధన తర్వాత నన్ను కలవండి.